స్టేజీ మ్యూజికల్‌ను పాడుచేసిన సినిమాల్లో మొదటి స్థానం దేనికి? వాదనకు దిగేముందు ఒక పోలిక

"క్యాట్స్" పేరెత్తగానే ఈ చర్చ ముగిసిపోయిందని చాలామంది అనుకుంటారు. 2019లో వచ్చిన ఆ సినిమాను చూసినవాళ్లూ చూడనివాళ్లూ ఒకే మాటగా అట్టడుగున పడేశారు. కానీ ఇక్కడ అడుగుతున్నది చెత్త సినిమా ఏదని కాదు, చెత్త అనుసరణ ఏదని. అనుసరణ అంటే ఇక్కడ స్టేజీ మ్యూజికల్‌ను, అంటే పాటలతో నడిచే రంగస్థల నాటకాన్ని, సినిమాగా తీయడం. మొదటిదానికి సినిమా ఒక్కటి చూస్తే చాలు. రెండోదానికి స్టేజీ మీద ఏముండేదో, అందులో ఎంత పోయిందో, పోయినదాని చోట ఏం వచ్చిందో లెక్కగట్టాలి. ఆ లెక్క వేస్తే వరుస మారిపోతుంది.

ఏడు సినిమాలు ఎప్పుడూ ఈ వాదనలోకి వస్తుంటాయి: క్యాట్స్, ఎ కోరస్ లైన్, రెంట్, ద ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా, డియర్ ఎవాన్ హాన్సెన్, మ్యాన్ ఆఫ్ లా మాంచా, మేమ్. వీటిలో దేన్ని పట్టుకుని వాదించాలో తేల్చుకోలేనివాళ్ల కోసం ఈ పోలిక.

## ముందు కొలతలు

పాట చేసే పని. మంచి మ్యూజికల్‌లో పాట కథ మధ్యలో వచ్చే విరామం కాదు. మాటలకు అందని మలుపు పాటలోనే జరుగుతుంది. అందుకే ఎన్ని పాటలు తీసేశారని లెక్కపెట్టడం తప్పు. తీసేసిన పాట మోసే బరువును ఇంకేదైనా మోసిందా అని చూడాలి. 1972లో బాబ్ ఫాసీ తీసిన క్యాబరేలో స్టేజీ పాటలు చాలా పోయాయి. పాత్రలు పాడేవాటిలో ఒక్కటి తప్ప అన్నీ క్లబ్బు వేదిక మీదికే చేరాయి. అయినా అది గొప్ప అనుసరణ, 8 ఆస్కార్లు గెలిచింది. పోయిన పాటల పనిని అక్కడి సన్నివేశాలు చేశాయి.

మాటలోంచి పాటలోకి దాటడం. థియేటర్‌లో లైట్లు మారతాయి, వాద్యబృందం అందుకుంటుంది, మనిషి పాడటం మొదలుపెడితే ప్రేక్షకుడు ఒప్పేసుకుంటాడు. తెర మీద నిజమైన వీధి, నిజమైన గది కనిపిస్తాయి కనుక ఆ ఒప్పందం మళ్లీ కుదుర్చుకోవాలి, అదీ మొదటి పది నిమిషాల్లోనే. 2002 నాటి చికాగో పాటల్ని నాయిక ఊహలోకి పంపి ఆ పని ముగించింది. పాడటానికి మొహమాటపడే సినిమాలు ఇక్కడే దొరికిపోతాయి.

గొంతు, వయసు. ఇరవయ్యో వరసలోంచి చూసే ముఖం వేరు, తెర నిండా పరచుకున్న ముఖం వేరు. గొంతు విషయంలో ఒక జాగ్రత్త: డబ్బింగ్ దానంతటదే తప్పు కాదు. 1961 వెస్ట్ సైడ్ స్టోరీలో నటాలీ వుడ్‌కీ, 1964 మై ఫెయిర్ లేడీలో ఆడ్రీ హెప్‌బర్న్‌కీ పాడింది మార్నీ నిక్సన్. ఎవరు పాడారన్నది కాదు, ఆ పాత్రకు కావాల్సిన గొంతు వినిపించిందా లేదా అన్నదే కొలత.

కెమెరా, కత్తెర. నాట్యం చేసేవాళ్లు తల నుంచి పాదం దాకా ఎంతసేపు కనిపిస్తున్నారో గమనించండి. పాదాలు కనిపించని షాట్లు ఎక్కువైతే, తాళానికి ముందో వెనకో కోత పడుతుంటే, నృత్య దర్శకుడి పనిని ఎడిటర్ మింగేసినట్టే.

ఇంటర్వెల్. చాలా మ్యూజికల్స్ రెండు అంకాలు. మొదటి అంకం ముగింపు ప్రేక్షకుణ్ని తిరిగి సీటుకు రప్పించేలా కట్టి ఉంటుంది. హాలీవుడ్ సినిమాకు ఇంటర్వెల్ ఉండదు కాబట్టి ఆ ఘట్టం నడిమధ్యలో పడి సత్తువ కోల్పోతుంది. దీన్ని ఎలా సర్దారో చూడాలి.

ఈ ఐదింటికీ సమాన బరువు ఇవ్వకండి. మొదటిదే మిగతా నాలుగింటితో సమానం. గొంతు బాగాలేకపోయినా నాటకం బతుకుతుంది, పాట చేసే పని ఆగిపోతే బతకదు.

| సినిమా | లండన్/న్యూయార్క్ స్టేజీ మీద మొదలు | ఎక్కువ దెబ్బ తిన్నది | మిగిలింది |
|---|---|---|---|
| క్యాట్స్ (2019) | లండన్, 1981 | కంటికి కనిపించేదంతా | దాదాపు పాటలన్నీ |
| ఎ కోరస్ లైన్ (1985) | న్యూయార్క్, 1975 | పాటల పని, కెమెరా | ఆడిషన్ అనే చట్రం |
| రెంట్ (2005) | న్యూయార్క్, 1996 | పాటలోకి దాటడం | అసలు నటవర్గంలో ఆరుగురు |
| ద ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా (2004) | లండన్, 1986 | నాయకుడి గొంతు | హంగు, వాద్యగోష్ఠి |
| డియర్ ఎవాన్ హాన్సెన్ (2021) | బ్రాడ్‌వే (న్యూయార్క్ నాటకశాలల కేంద్రం), 2016 | వయసు, నైతిక లెక్క | బెన్ ప్లాట్ గాత్రం |
| మ్యాన్ ఆఫ్ లా మాంచా (1972) | న్యూయార్క్, 1965 | నాటకం ఊపిరి అయిన ఊహ | బాణీలు |
| మేమ్ (1974) | బ్రాడ్‌వే, 1966 | నాయిక గొంతు | బీ ఆర్థర్ |

## క్యాట్స్

కవి టి.ఎస్. ఎలియట్ పిల్లుల పద్యాలకు ఆండ్రూ లాయిడ్ వెబ్బర్ బాణీలు కట్టిన ఈ నాటకంలో కథ మొదటినుంచీ పలచనే. ఒక రాత్రి పిల్లులు చేరతాయి, ఒక్కొక్కటి తన పరిచయం పాడుకుంటుంది, చివర ఒకదాన్ని కొత్త జన్మకు ఎంచుకుంటారు. నాటకాన్ని నిలబెట్టింది జిలియన్ లిన్ కూర్చిన నృత్యం. రంగులు పూసిన బిగుతు దుస్తుల్లో నర్తకులు పిల్లుల్లా కదులుతుంటే, వాళ్లు మనుషులని తెలుస్తూనే ఉంటుంది, మనసు మాత్రం పిల్లిని చూస్తుంది. ఆనందం ఆ రెండింటి మధ్య ఉంది.

దర్శకుడు టామ్ హూపర్ ఎంచుకున్న డిజిటల్ బొచ్చు సరిగ్గా ఆ జాగాను మూసేసింది. మనిషి ముఖం, మనిషి చేతులు, వాటిచుట్టూ కంప్యూటర్ బొచ్చు. ఊహించడానికి ప్రేక్షకుడికి ఏమీ మిగల్చలేదు. కండరాల కదలిక బొచ్చు కింద దాగిపోయింది. నర్తకుల బరువు నేల మీద పడుతున్నట్టే అనిపించదు. పెద్ద సైజు సెట్లు కట్టినా పిల్లుల పరిమాణం షాటు షాటుకూ మారుతుంది. తొందర ఎంతదాకా వెళ్లిందంటే, విడుదలయ్యాక సవరించిన ప్రతిని మళ్లీ థియేటర్లకు పంపాల్సి వచ్చింది. మొదటి ప్రతిలో జూడీ డెంచ్ చేయి, ఉంగరంతో సహా, మనిషి చేయిగానే ఉండిపోయింది.

ఇంత చెప్పాక కూడా, అనుసరణగా దీనికి అట్టడుగు స్థానం ఇవ్వడం అన్యాయం. పాటల్లో ఎక్కువ భాగం ఉన్నాయి. విక్టోరియాను కొత్తగా వచ్చిన పిల్లిగా మార్చి ప్రేక్షకుడికి ఒక కన్ను ఇవ్వడం తెలివైన ఆలోచనే. ఆ పాత్ర వేసిన ఫ్రాన్సెస్కా హేవర్డ్ రాయల్ బాలే ప్రధాన నర్తకి. ఎంపిక చేసే పెద్ద, ఎంపికయ్యే వెలి పిల్లి, చివరి ఆరోహణ, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. మొదటి కొలతలో క్యాట్స్ పాసవుతుంది. నాలుగో కొలతలో మాత్రం ఈ జాబితాలో అందరికన్నా ఘోరంగా ఓడిపోతుంది. నాటకం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే 1998లో వీడియో కోసం చిత్రీకరించిన ప్రదర్శన ఉంది. ఎలెయిన్ పేజ్, కెన్ పేజ్ అందులో ఉన్నారు.

## ఎ కోరస్ లైన్

ఈ వాదనలో బలమైన పక్షం ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చూడాలి.

స్టేజీ మీద దీని బలం ఖాళీ. నల్లటి వేదిక, వెనక అద్దాలు, నేల మీద ఒక తెల్లగీత. గీత మీద 17 మంది నర్తకులు, ఎంపికయ్యేది 8 మంది. దర్శకుడు జాక్ ఎక్కువసేపు ప్రేక్షకుల వెనక చీకట్లోంచి వినిపించే గొంతు. అతని ప్రశ్నలకు వాళ్లు చెప్పే జవాబులే నాటకం. మైకేల్ బెన్నెట్ దీన్ని నిజమైన నర్తకులు చెప్పుకున్న మాటల నుంచి కట్టాడు. 1976లో నాటక విభాగంలో పులిట్జర్ బహుమతి వచ్చింది. బ్రాడ్‌వేలో 6,137 ప్రదర్శనలు ఆడింది.

ఇంకో విశేషం ఉంది. దీనికి ఇంటర్వెల్ లేదు. ఒకే చోటు, ఒకే పూట, ఆపకుండా జరిగే ఆడిషన్. సినిమా పొడవుకు కొలిచి కుట్టినట్టున్న నాటకం. ఫాంటమ్‌కు ఉన్న ఇంటర్వెల్ చిక్కు దీనికి లేదు. ఓడిపోవడానికి నిర్మాణపరమైన సాకు ఒక్కటీ లేని నాటకం ఓడిపోయింది, అందుకే దీని తప్పు పెద్దది.

దర్శకుడు రిచర్డ్ అటెన్‌బరో మొదట జాక్‌కు ముఖం ఇచ్చాడు. ఆ ముఖం మైకేల్ డగ్లస్‌ది. చీకట్లోని గొంతుకు నర్తకులు భయపడతారు, ప్రేక్షకుడూ భయపడతాడు. సీట్లో కూర్చుని కనిపించే తార దగ్గర ఆ భయం పుట్టదు. రెండోది, మొదటి నుంచీ వరసలో ఒకత్తెగా నిలబడాల్సిన కాసీని ఆలస్యంగా రప్పించి, జాక్‌తో ఆమె పాత ప్రేమను గతం సన్నివేశాలుగా చూపించారు. అందరి కథ కాస్తా ఇద్దరి కథ అయింది.

ఇక పాటలు. అద్దాల ముందు కాసీ ఒంటరిగా ఆడే "ద మ్యూజిక్ అండ్ ద మిర్రర్" తీసేసి కొత్త పాట పెట్టారు. పన్నెండు పదమూడేళ్ల వయసులో ఒంట్లో వచ్చే మార్పుల గురించి గుంపంతా కలిసి పాడే పొడవాటి పాట పోయి, దాని చోట "సర్‌ప్రైజ్, సర్‌ప్రైజ్" వచ్చింది. ఈ కొత్త పాటకు ఆస్కార్ నామినేషన్ కూడా దక్కింది. పాత పాటలో మాత్రం ఒకరి జ్ఞాపకంలోకి ఇంకొకరి జ్ఞాపకం చొరబడుతుంది, అందరి బాల్యం ఒకే బాల్యం అవుతుంది. కొత్త పాట ఒకే కుర్రాడి అనుభవం చుట్టూ తిరుగుతుంది.

అసలు గాయం "వాట్ ఐ డిడ్ ఫర్ లవ్". స్టేజీ మీద పాల్ అనే నర్తకుడు మోకాలు దెబ్బతిని వెళ్లిపోయాక, నాట్యం చేయలేని రోజు వస్తే ఏం చేస్తారని జాక్ అడుగుతాడు. వరసలోని డయానా ఈ పాటతో జవాబిస్తుంది. ఆ ప్రేమ నాట్యం మీద ప్రేమ. సినిమాలో ఈ పాట కాసీకి వెళ్లి, జాక్ మీద ప్రేమ గురించినది అయిపోయింది. ఒక్క అక్షరం మార్చకుండా పాట అర్థాన్ని తలకిందులు చేశారు. పాటను తీసేయడం కన్నా ఇది పెద్ద నష్టం. తీసేస్తే లేదని తెలుస్తుంది. ఇక్కడ ఉన్నట్టే ఉండి లేకుండా పోయింది.

ముగింపు పాట "వన్"లో, రెండు గంటలుగా ఒక్కొక్కరినీ పేరుపేరునా తెలుసుకున్న ప్రేక్షకుడు బంగారు దుస్తుల్లో ఎవరు ఎవరో పోల్చుకోలేకపోవాలి. ఆ పోల్చుకోలేకపోవడమే నాటకం చెప్పే చివరి మాట. సినిమా వేదిక నిండా నర్తకుల్ని నింపేసింది. మనకు తెలిసినవాళ్లు కరిగిపోవడం చూడాల్సిన చోట, ముందెన్నడూ చూడని గుంపు కనిపిస్తుంది. వ్రతమూ చెడింది, ఫలమూ దక్కలేదు.

## రెంట్

దీన్ని రాసిన జొనాథన్ లార్సన్ మొదటి ప్రివ్యూకు, అంటే అధికారిక ప్రారంభానికి ముందు వేసే ప్రదర్శనకు, కొన్ని గంటల ముందు, 1996 జనవరి 25న చనిపోయాడు. ఆ ఏడే పులిట్జర్ వచ్చింది. క్రిస్ కొలంబస్ సినిమాకు అసలు నటవర్గంలో ఎనిమిది ప్రధాన పాత్రలకు ఆరుగురు తిరిగొచ్చారు. గొంతుల పరంగా వరం. పదేళ్లు గడిచిపోవడం చిక్కు. అద్దె కట్టలేని ఇరవైల కుర్రకారు ముఖాల్లో ముప్ఫైలు కనిపిస్తాయి.

పెద్ద లోపం వేరే ఉంది. స్టేజీ మీద రెంట్ దాదాపు ఆపకుండా పాడే నాటకం. వేదిక మీదే బ్యాండు, ఇనుప బల్లలు, తలకు తగిలించిన మైకులు, అంటే కచేరీకీ నాటకానికీ మధ్య ఒక రూపం. సినిమా ఆ పాడే సంభాషణల్ని మామూలు మాటలుగా మార్చింది. దాంతో పాటకీ పాటకీ మధ్య గట్టి గోడ లేచింది. పాడటం సహజంగా ఉన్న లోకంలో అది అకస్మాత్తుగా జరిగే పని అయింది.

కోతల్లో ఒకటి బాధిస్తుంది. "గుడ్‌బై లవ్" రెండో సగంలో స్నేహితులైన మార్క్, రోజర్ ఒకరి పిరికితనాన్ని ఒకరు ఎత్తిచూపుకుంటారు. దాన్ని చిత్రీకరించి కూడా తీసేశారు. డీవీడీలో తొలగించిన దృశ్యాల్లో దొరుకుతుంది, తప్పక చూడండి. అది లేకపోతే రోజర్ ఊరు వదిలి వెళ్లడం అలకలా కనిపిస్తుంది. 2008లో బ్రాడ్‌వే చివరి ప్రదర్శనను చిత్రీకరించిన వీడియో ఉంది కాబట్టి ఈ నష్టం పూడ్చుకోగలిగినదే.

## ద ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా

ఇక్కడ గొంతు అలంకారం కాదు, కథకు ఇరుసు. చీకట్లోంచి వినిపించే గొంతును సంగీత దేవదూతగా యువ గాయని క్రిస్టీన్ నమ్ముతుంది. ఆ గొంతు ప్రేక్షకుణ్నీ వశం చేసుకోకపోతే ఆమె నమ్మకం వెర్రితనంగా మిగులుతుంది. ఆ గొంతు గల ఫాంటమ్‌గా చేసిన జెరార్డ్ బట్లర్‌కు ఆకర్షణ ఉంది, శిక్షణ పొందిన గాత్రం లేదు. పోటీదారు రౌల్‌గా చేసిన ప్యాట్రిక్ విల్సన్ అతనికన్నా బాగా పాడతాడు. ప్రేమ త్రిభుజం తిరగబడింది.

ఇంకో తప్పు, పాడే పంక్తుల్ని మాటలుగా చెప్పించి ప్రాసల్ని అలాగే వదిలేయడం. చెవికి అది మాటా కాదు, పాటా కాదు. అయితే ఒక నిర్ణయాన్ని మెచ్చుకోవాలి. స్టేజీ మీద మొదటి అంకం చివర కూలే షాండిలియర్‌ను, అంటే వేలాడే పెద్ద దీపాల గుత్తిని, జోయెల్ షూమాకర్ పతాక సన్నివేశానికి జరిపాడు. అభిమానులకు కోపం వచ్చింది కానీ, ఇంటర్వెల్ లేని చోట ఆ కూలడం నడిమధ్యలో ఉంటే కథ అక్కడే అయిపోయినట్టుండేది. దీన్ని నేరాల జాబితాలో చేర్చకండి, మీ వాదన బలహీనపడుతుంది. సరైన గాత్రాలతో వినాలంటే 2011 రాయల్ ఆల్బర్ట్ హాల్ ప్రదర్శన ఉంది. రామిన్ కరీమ్లూ, సియెర్రా బాగెస్ పాడారు.

## డియర్ ఎవాన్ హాన్సెన్

అందరూ బెన్ ప్లాట్ వయసు పట్టుకుంటారు. బడిపిల్లవాడి పాత్రను 27 ఏళ్ల దగ్గర చేశాడు, నిజమే. స్టేజీ దూరం దాచినదాన్ని క్లోజప్ బయటపెట్టింది, అదీ నిజమే. కానీ దానికన్నా లోతైన తప్పు "గుడ్ ఫర్ యూ" కోత. చనిపోయిన కుర్రాడు తన స్నేహితుడని అబద్ధమాడిన ఎవాన్‌ను తల్లి, తోటివాళ్లు కలిసి నిలదీసే పాట అది. నాటకం ఎవాన్‌ను ప్రేమిస్తూనే అతని తప్పును వదలదని చెప్పేది ఆ పాటే. అది పోతే సినిమా అతన్ని ఊరికే క్షమించినట్టయింది. ఎవాన్ తల్లి, చనిపోయిన కుర్రాడి తల్లి పాడే ప్రారంభ గీతం కూడా పోవడంతో పెద్దవాళ్ల వైపు బరువు తగ్గింది. కొత్తగా చేర్చిన రెండు పాటలు వినడానికి బాగుంటాయి, ఆ ఖాళీని నింపవు.

## మిగతా రెండూ

మ్యాన్ ఆఫ్ లా మాంచా చెరసాలలో జరుగుతుంది. స్పానిష్ రచయిత సెర్వాంటెస్ తోటి ఖైదీలతో, చేతికందిన సామానుతో, గాలిమరను రాక్షసుడనుకునే ముసలి డాన్ కిహోటే కథ ఆడిస్తాడు. లేని రాక్షసుణ్ని చూడగల ఊహే దాని విషయం. సినిమా నిజమైన బయలు ప్రదేశానికి వెళ్లి నిజమైన గాలిమరను చూపించింది. ఆ క్షణంలో నాయకుడు దార్శనికుడు కాకుండా పోయి, చూపు సరిగా లేని ముసలివాడవుతాడు. పీటర్ ఓటూల్ పాటలు సైమన్ గిల్బర్ట్ పాడాడు, అది చిన్న సంగతి. ఇదీ మొదట్లో ఇంటర్వెల్ లేకుండా ఆడిన నాటకమే, కాబట్టి రెండో స్థానానికి నా ఓటు దీనికే.

మేమ్ నాయికను ఎంపిక చేసినరోజే ఓడింది. స్టేజీ మీద ఈ పాత్రకు బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ బహుమతి గెలిచిన ఏంజెలా లాన్స్‌బరీ ఉండగా హాస్యనటి లూసిల్ బాల్‌ను తీసుకున్నారు. అరవై దాటిన ముఖం మీద పొగమంచు లాంటి ఫోకస్, పాటల్లో బొంగురు గొంతు. స్టేజీ మీద చేసిన పాత్రలోనే బీ ఆర్థర్ పక్కన నిలబడితే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇది ఒక్క కొలతలో పడిన దెబ్బ మాత్రమే.

## మీరు ఎవరైతే ఏది ఎంచుకోవాలి

స్టేజీ ప్రదర్శనలు బాగా ఎరిగినవాళ్లు ఎ కోరస్ లైన్ ఎంచుకోండి. ఎదుటివాళ్లు సినిమా ఒక్కటే చూసి ఉంటే "బాగానే ఉందే" అంటారు, అప్పుడు పాటల పట్టిక మీకు ఆయుధం.

నాటకాలు చూసే అవకాశం లేక సినిమాలే చూసినవాళ్లకు ఫాంటమ్ లేదా రెంట్ అనువు. రెండింటికీ మంచి ప్రదర్శన వీడియోలు ఉన్నాయి కాబట్టి ఒకే పాటను రెండు రూపాల్లో పక్కపక్కన పెట్టి మాట్లాడవచ్చు. ఎ కోరస్ లైన్‌తో ఈ పని చేయాలంటే 1975 నటవర్గం ఆల్బమ్ మీద ఆధారపడాలి. పాట వినిపిస్తుంది కానీ నృత్యం కనిపించదు. ఈ ఎంపికకు ఉన్న అసలు ఇబ్బంది అదే.

నటన, పాత్ర నైతికత మీద ఆసక్తి ఉన్నవాళ్లు డియర్ ఎవాన్ హాన్సెన్ తీసుకోండి, వయసు సంగతి మొదటి రెండు నిమిషాల్లో ముగించి "గుడ్ ఫర్ యూ" దగ్గరికి వెళ్లండి. సాంకేతికత, విజువల్ ఎఫెక్ట్స్ మీద పట్టున్నవాళ్లకు క్యాట్స్ తప్ప వేరే దారి లేదు.

సినిమా మొత్తం మళ్లీ చూసే ఓపిక లేకపోతే మూడు చోట్లు చాలు: మొదటిసారి మాట పాటగా మారే చోటు, స్టేజీ మీద మొదటి అంకం ముగిసే పాట, చివరి పాట. అంతకుముందు స్టేజీ ఆల్బమ్ పాటల వరస ఒక కాగితం మీద రాసుకుని, సినిమాలో లేనివాటిని కొట్టేయండి, చోటు మారినవాటికి బాణం గీయండి, పాడే పాత్ర మారినవాటి చుట్టూ సున్నా చుట్టండి. వాదనలో ఎక్కువ పనికొచ్చేవి ఆ సున్నాలే.

ఒక సాధారణ పొరపాటు: పాటల్ని సెట్లోనే ప్రత్యక్షంగా పాడించడాన్ని క్యాట్స్ ఓటమికి కారణంగా చూపడం. అదే హూపర్ 2012లో లే మిజరాబ్ల్‌లో అదే పద్ధతి వాడాడు. నటుల చెవిలో పియానో వినిపిస్తుంటే వాళ్లు తమ లయలో పాడారు, వాద్యాలు తర్వాత చేర్చారు. ఆన్ హాథవేకి ఆస్కార్ వచ్చింది. ఒకచోట మనిషి కదలకుండా నిలబడి దుఃఖం పాడితే ఆ పద్ధతి పనిచేస్తుంది. ఎగురుతూ తాళానికి కట్టుబడి ఆడాల్సిన చోట నటుడి సొంత లయకు జాగా లేదు. పద్ధతిది కాదు, దాన్ని వాడిన చోటుది తప్పు.

ఎదుటివాళ్లు క్యాట్స్ దగ్గరే పట్టుబడితే ఒక ప్రశ్న వేయండి: ఏ పాట పోవడం వల్ల, ఏ పాట చేతులు మారడం వల్ల కథ కుంటుపడింది? వాళ్లు బొచ్చు గురించీ చేతుల గురించీ చెబుతారు, పాట పేరు మాత్రం రాదు. అదే ప్రశ్న ఎ కోరస్ లైన్ గురించి మిమ్మల్ని అడగనివ్వండి. అద్దాల ముందు కాసీ, పదమూడో ఏట గుంపంతా, పాల్ వెళ్లిపోయాక డయానా. మూడు పాటలు, మూడు చోట్లు.